ముందు మోయవలసినవారు

చెంగమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికి బయలుదేరిన రోజు తిరుపతిలో చిన్న జల్లు పడింది. ఫ్యాక్టరీలో పని చేస్తూ గుండె పట్టుకుని కూలబడిన మనిషి, ఇప్పుడు తన కాళ్ల మీద తాను మెట్లు దిగుతోంది. మూసుకుపోయిన రక్తనాళాన్ని డాక్టర్లు తెరిచి, స్టెంటు వేసి పంపిస్తున్నారు. ఆమె భర్త మునిరత్నం ఆనందం పట్టలేక నర్సులకు, ఆయాలకు మైసూరుపాకు పంచిపెట్టాడు. కింది అంతస్తుకు వచ్చాక మిగిలిన పొట్లం తీసుకుపోయి పునీత్ బల్ల మీద పెట్టాడు.

పునీత్ బీమా కంపెనీ తరఫున ఆ ఆసుపత్రిలో కూర్చునే కుర్రవాడు. మాట నెమ్మది, మొహాన ఎప్పుడూ నవ్వు. చెంగమ్మను చేర్చిన పూట మునిరత్నం కంగారులో రెండు కార్డులూ అతని ముందు పెట్టాడు. ఒకటి ఫ్యాక్టరీ ఇచ్చిన బీమా కార్డు, రెండోది సర్కారు ఇచ్చిన ఆరోగ్య కార్డు. పునీత్ బీమా కార్డును తిరిగి మునిరత్నం చేతిలోనే పెట్టి, "ఇది జోబీలో పెట్టుకోన్నా. సర్కారు కార్డు ఉండాది కదా, దాని మీద పెట్టిస్తే ఆగే పని లేకుండా బిన్నా అయిపోతాది" అన్నాడు. అలాగే అయింది కూడా.

"నీ పుణ్యాన ఇంటిది బతికినాది నాయనా. ఒక్క పైసా అడగలా" అన్నాడు మునిరత్నం కళ్లు తుడుచుకుంటూ.

"నాదేముందన్నా" అని పునీత్ సిగ్గుపడి, మైసూరుపాకు ముక్క నోట్లో వేసుకున్నాడు.

ఈ దృశ్యంలో తప్పు పట్టడానికి ఏముంది? రోగి బతికింది. భర్త సంతోషించాడు. ఆసుపత్రికి రావలసింది సర్కారు నుంచి వస్తుంది. అందరూ మంచివాళ్లే. కానీ ఒక్క సంగతి ఆ రోజున ఎవరికీ తట్టలేదు. వడమాలపేట దాటాక ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చెంగమ్మ పర్మినెంటు ఉద్యోగి. ఆరోగ్య బీమా కింద ఆమె జీతంలో ప్రతి నెలా కోత పడుతూనే ఉంది. యాజమాన్యం కూడా తన వంతు కడుతూనే ఉంది. ఏళ్ల తరబడి ఆ సొమ్ము పుచ్చుకున్న కంపెనీ, రోగం వచ్చిన రోజున ఒక తియ్యని మాట చెప్పి పక్కకు తప్పుకుంది. ఖర్చంతా ప్రజల ఖజానా మీద పడింది.

చెంగమ్మ మళ్లీ పనిలో చేరేటప్పటికి తోతాపురి కాయ దిగుబడి మొదలైంది. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. రోడ్డు పొడవునా పండిన కాయల తీపి వాసన, దాని వెనకే మురిగిన కాయల పులుపు వాసన. సీజనులో వందల మంది ఆడవాళ్లు రోజుకూలికి వస్తారు. కాయ కడగడం, మచ్చ ఉన్నది ఏరివేయడం వాళ్ల పని. వాళ్లకు సీజను ఉన్నన్నాళ్లే కూలి. బీమా అన్న మాటే లేదు. ఆ కడిగే తొట్ల దగ్గర అజమాయిషీ చెంగమ్మది.

అక్కడ పని చేసేవాళ్లలో కుప్పమ్మ ఒకతె. చెంగమ్మ ఊరే, రెండు వీధుల అవతల. భర్త పోయాడు. కూతురు ఐశ్వర్య తిరుపతిలో పాలిటెక్నిక్ చదువుతోంది. నోటి నిండా నవ్వు, చేతి నిండా పని ఉన్న మనిషి కుప్పమ్మ. అలాంటిది ఆ ఏడు గంప ఎత్తితే ఆయాసపడుతోంది. కాళ్లు నీరు పట్టాయి.

"ఏమిమే కుప్పమ్మా, కొలిమి తిత్తి మాదిరి ఎగపోస్తాండావే?" అని అడిగింది చెంగమ్మ.

"ఏమీ లేదక్కా, ఎండ" అంది కుప్పమ్మ.

ఎండ కాదు. పుత్తూరులో పరీక్ష చేసిన డాక్టరు గుండె కవాటం చెడిందనీ, ఆలస్యం చేయకుండా మార్పించుకోవాలనీ చెప్పాడు. కుప్పమ్మ ఆ మాట విని నేల మీద కూర్చుండిపోయింది. చెంగమ్మ ఆమె భుజం పట్టుకుని లేపింది.

"దీనికే ఇంత దిగులా? నేను పోయిన ఆసుపత్రికే పోదాం రా. కార్డు సూపిస్తే సాలు, ఎవురూ పైసా అడగరు. నేనుండా కదా!"

ఆ ధైర్యంతోనే ఇద్దరూ తిరుపతి బస్సెక్కారు.

ఆసుపత్రిలో కార్డు కేసులు చూసే రూపశ్రీ చెంగమ్మను గుర్తుపట్టి నవ్వింది. కానీ కుప్పమ్మ కార్డు చూడగానే ఆ నవ్వు తగ్గింది. "కొత్త కార్డు కేసులు తీసుకోవద్దన్నారమ్మా. ప్రాణం మీదికి వచ్చినవి మాత్రమే చూస్తున్నారు. ప్రభుత్వం నుంచి రావలసిన బకాయిలు పేరుకుపోయాయి."

"ఎన్నాళ్లు పడతాది?" అంది చెంగమ్మ.

"నాకే తెలీదు. సొంతంగా కట్టుకుంటామంటే ఈ వారమే చేస్తారు."

కుప్పమ్మ కార్డు కొంగున ముడి వేసుకుని బెంచీ మీద కూర్చుంది. చెంగమ్మకు తల కొట్టేసినట్టయింది. ఏం చేయాలో తోచక అటూ ఇటూ చూస్తుంటే పునీత్ గొంతు వినిపించింది. సత్యవేడు దగ్గర కంపెనీలో పనిచేసే ఒకాయన మోకాలి ఆపరేషను కోసం వచ్చినట్టున్నాడు. ఆయన చేతిలో బీమా కార్డు ఉంది.

"మీది అర్జెంటు కాదు కదన్నా" అంటున్నాడు పునీత్ ఎప్పటిలాగే నెమ్మదిగా. "కొన్నాళ్లు ఆగండి. ఖజానా నుంచి దుడ్లు రాంగానే కార్డు కేసులు మొదులు పెడతారు. సర్కారు కార్డు మీదే పెట్టిస్తా. మీ పేరు ముందుగానే చెప్పి పెడతా."

ఆయన సంతోషంగా తల ఊపాడు.

చెంగమ్మ నిలుచున్న చోటే నిలబడిపోయింది. అవే మాటలు, అదే నవ్వు. భర్త తనకు వచ్చి చెప్పినప్పుడు అవి ఎంత తియ్యగా వినిపించాయి! ఇప్పుడు బెంచీ మీద ఆయాసపడుతున్న కుప్పమ్మను చూస్తూ వింటే ఆ మాటలకు అర్థమే మారిపోయింది. రేపు ఖజానా నుంచి సొమ్ము వస్తుంది. బీమా ఉన్న ఆ మోకాలు ముందు వరుసలో ఉంటుంది. కార్డు తప్ప వేరే దిక్కులేని ఈ గుండె వెనక వరుసలో ఉంటుంది. తాను లేచి నడిచిన మంచం కూడా ఇలాంటి ఎవరిదో వంతే కదా!

మోకాలి మనిషి వెళ్లాక ఆమె పునీత్ ఎదుట కూర్చుంది.

"నాయనా, నా జీతంలో నెలనెలా పట్టుకొనేది మీ కంపెనీయే కదా?"

"అవునక్కా."

"మరి నాకు జబ్బు చేస్తే మీరెందుకు పెట్టలా?"

పునీత్ బల్ల మీది పెన్ను అటూ ఇటూ జరిపాడు. "పైనుంచి అట్లనే చెప్తారక్కా. సర్కారు కార్డు ఉన్నోళ్లను అటు పంపమంటారు. ఎంతమందిని పంపితే అంత మంచి పేరు. చట్టంలో ఇది తప్పని యాడా లేదు. రెండు కార్డులు ఉంటే ముందు ఎవురు కట్టాలని ఎవురూ చెప్పలేదు." గొంతు తగ్గించి అన్నాడు: "చట్టం చెప్తే కడతారక్కా. కట్టక యాడికి పోతారు? నాకూ ఈ మాటలు చెప్పే పని తప్పుతాది."

ఆ కుర్రవాడి మీద కోపం తెచ్చుకోవాలని చూసింది గాని చెంగమ్మకు రాలేదు.

చెంగమ్మ కుప్పమ్మను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లింది. అక్కడ డాక్టర్లు కాదనలేదు. మందులు రాసిచ్చి, ఆపరేషను కోసం ఎదురుచూసేవాళ్ల వరుసలో చేర్చుకున్నారు. ఆ వరుస చాలా పెద్దది. ప్రైవేటు ఆసుపత్రుల తలుపులు మూసుకుంటే జనమంతా ఆ ఒక్క గుమ్మానికే వస్తారు మరి.

కాయ సీజను ముగిసి, వానలు మొదలైనా పిలుపు రాలేదు. ఒక మధ్యాహ్నం అన్నం వార్చుతూ కుప్పమ్మ ఊపిరాడక పడిపోయింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఐశ్వర్య తల్లిని ఒళ్లో వేసుకుని అంబులెన్సులో తిరుపతికి చేర్చింది. ప్రభుత్వ డాక్టర్లు రేయింబవళ్లు పోరాడి నిలబెట్టి, కవాటం మార్చారు. ప్రాణం దక్కింది. కానీ పెద్ద డాక్టరు చెంగమ్మతో ఒక మాట అన్నాడు: "మొదట వచ్చినప్పుడే చేసి ఉంటే గుండె ఇంత అలిసిపోయేది కాదమ్మా. ఇంక ఈమె బరువు పని చేయకూడదు."

ఐశ్వర్య ఆ ఏడు పరీక్షలు రాయలేదు.

ఆ మాటా, ఆ పిల్ల మొహమూ చెంగమ్మను నిద్రపోనివ్వలేదు. ఆమె తిరుపతిలోని బీమా కంపెనీ ఆఫీసుకు వెళ్లింది. తన వైద్యానికి సర్కారు పెట్టిన ఖర్చును కంపెనీ సర్కారుకు తిరిగి కట్టాలని అడిగింది. మేనేజరు ఆమెను కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి మర్యాదగా అడిగాడు: "మీకు ఏమైనా ఖర్చయిందా అమ్మా? లేదు కదా. మీకు లేని నష్టానికి మేమేం కట్టాలి?"

చెంగమ్మ కాఫీ తాగకుండానే లేచి వచ్చింది.

ఇంట్లో మునిరత్నం కూడా అదే అన్నాడు. "మనకేం పోయినాది? గమ్మున ఉండు. బతికి బయటపడినాము, సాలదా?"

"మనకు పోలా. కుప్పమ్మకు పోయినాది" అంది చెంగమ్మ. "మనం దుడ్లు కట్టి కూడా దాని వంతు తిన్నాము. తెలవక తిన్నాము, నిజమే. తెలిసినాక గమ్మున ఉండేది ఎట్ట?"

మునిరత్నం మరునాడు తమ మామిడి తోట నుంచి వచ్చాక, "కుప్పమ్మ ఇంటికి రోంత బియ్యం ఇచ్చొచ్చినా" అన్నాడు. భర్త మనసు కదిలిందని చెంగమ్మకు అర్థమైంది.

ఆమె ఫ్యాక్టరీలో పర్మినెంటు పనివాళ్లను ఒక్కొక్కరినే అడుగుతూ పోయింది. కాన్పులు, కంటి ఆపరేషన్లు, పేగు ఆపరేషన్లు, ఎవరికి ఏది జరిగినా సర్కారు కార్డు మీదే జరిగింది. ఏళ్లుగా కోత పడుతున్న బీమా కార్డు ఎవరి జేబులోంచీ బయటికి రాలేదు. కొందరు ఆలోచనలో పడ్డారు. కొందరు కసిరారు. "నడిచే బండిని నిలిపేస్తాండావు. రేపు రెండూ లేకుండా పోతే నువ్వు కడతావా?" అని బాయిలరు దగ్గర పనిచేసే సుబ్బన్న మొహం మీదే అడిగాడు. యాజమాన్యం కూడా పిలిచి హెచ్చరించింది. ఇలా గోల చేస్తే కంపెనీ బీమా రద్దు చేసుకుని పోతుందంది.

"ఇచ్చేది లేని బీమా ఉంటే ఏమి, పోతే ఏమి సార్?" అంది చెంగమ్మ. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో పై అధికారికి ఎదురు చెప్పడం అదే మొదలు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక వార్త వచ్చింది. ప్రజారోగ్య పథకాల్లో బీమా సంస్థల బాధ్యత మీద కొత్త చట్టం తేవడానికి ముసాయిదా తయారైందనీ, దానిపై ప్రజల అభిప్రాయాలు వినడానికి శాసనసభ కమిటీ తిరుపతికి వస్తోందనీ. ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చునట. చెంగమ్మ వెళ్తానంది. ఆశ్చర్యమేమిటంటే, తోడు వస్తానని ముందుగా చెప్పినవాడు సుబ్బన్న. "మా యమ్మ పేరు కూడా ప్రభుత్వాసుపత్రి వరుసలో ఉండాదక్కా" అన్నాడు తల వంచుకుని.

విచారణ జరిగే హాలు నిండిపోయింది. కమిటీ అధ్యక్షుడు పరంధామయ్య. చిత్తూరులో చాలాకాలం వకీలుగా పనిచేసి రాజకీయాల్లోకి వచ్చిన పెద్దమనిషి. కేకలు వేయడు, ఎవరినీ తొందరపెట్టడు. బీమా సంస్థల తరఫున వచ్చిన న్యాయవాది ముందుగా మాట్లాడాడు. ఆయన మాటల్లో పస లేకపోలేదు.

"ఉచిత వైద్యం అందుతున్నప్పుడు రోగికి నష్టం లేదు. ఏ కార్డు వాడాలన్నది రోగి ఇష్టం. మా మీద నిర్బంధం పెడితే ప్రీమియం పెరుగుతుంది. చిన్న యాజమాన్యాలు బీమాయే మానేస్తాయి. అప్పుడు నష్టపోయేది కార్మికులే. అందుకే ముసాయిదాలో 'బీమా సంస్థ చెల్లించవచ్చు' అన్న మాటను అలాగే ఉంచండి."

చెంగమ్మ పేరు పిలిచారు. ఆమె మైకు దగ్గరికి వెళ్లింది. ఇంటి దగ్గర అనుకున్న మాటలన్నీ మరిచిపోయింది. పరంధామయ్య ఆమెను చూసి, "నిదానంగా చెప్పమ్మా, మేము వినేదానికే వచ్చినాము" అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. రెండో వరుసలో ఐశ్వర్య భుజాన్ని ఆనుకుని కుప్పమ్మ కూర్చుని ఉంది.

"అయ్యా, మాది మామిడి తోట" అని మొదలుపెట్టింది చెంగమ్మ. "కాపు కాలంలో కాపలాకు మనిషిని పెడతాము, జీతమిస్తాము. దొంగలు పడిన రోజున వాడు లేచి, 'నన్నెందుకు పిలుస్తారు, ఊరిని కాసే తలారి ఉండాడు కదా, ఆయన్ను పిలుచుకోండి' అంటే ఎట్టుంటాది? తలారి మంచోడు, వస్తాడు. తోట దక్కతాది. మాకు నష్టం లేదు. కానీ తలారి మా తోటలో ఉండంగా ఊరి కడాన గుడిసెలో దొంగలు పడితే? ఆ గుడిసె వాళ్లకు కాపలా లేదయ్యా. వాళ్లకు తలారి ఒక్కడే దిక్కు. నా వైద్యానికి నాకు పైసా ఖర్చు కాలేదు, నిజమే. నష్టం నాకు కాదు, ఆ కూర్చోనుండే కుప్పమ్మకు. ఆ సారు మా ఇష్టం అన్నాడు. మాకు ఎవురు చెప్పినారయ్యా? రోగం వచ్చినోడు ఏ కార్డు పెట్టమంటే ఆ కార్డు పెడతాడు. ఆ గాబరాలో ఇష్టం యాడిది?"

ఆమెకు ఇంకేమో చెప్పాలని ఉంది గాని, "అంతేనయ్యా" అని వచ్చి కూర్చుంది.

పరంధామయ్య న్యాయవాది వైపు తిరిగాడు. "ప్రీమియం నిర్ణయించేటప్పుడు ఈమెకు జబ్బు చేస్తే మీరు కడతారనే కదండీ లెక్క వేసింది? కట్టకుండా మిగుల్చుకున్నప్పుడు ఏ ఏడాదైనా ప్రీమియం తగ్గించారా?"

న్యాయవాది కాగితాలు తిరగేశాడు.

సాయంత్రం విచారణ ముగిస్తూ పరంధామయ్య లేచి నిలబడ్డాడు.

"ఉచితం అనే మాట మన కళ్లు కప్పుతుంది. ఉచితంగా జరిగే వైద్యం ఏదీ లేదు. ఎవరో ఒకరు కడుతున్నారు. సర్కారు కడుతోందంటే అగ్గిపెట్టె కొనే కూలీ నుంచి మనమందరం కడుతున్నామని అర్థం. ఆ సొమ్ము దిక్కులేనివారి కోసం దాచినది. బాధ్యత తీసుకుంటామని ముందే డబ్బు పుచ్చుకున్నవారు ఆ బాధ్యతను దాని మీదికి నెట్టడం వ్యాపారం కాదు, అన్యాయం. ఈ ముసాయిదాలో 'చెల్లించవచ్చు' అన్న చోట 'చెల్లించి తీరాలి' అని ఉండాలని నేను సిఫారసు చేస్తాను. ఎవరు కట్టాలన్న తగువు బీమా సంస్థకూ సర్కారుకూ మధ్యనే ఉండాలి. ఆ తగువు తేలేదాకా రోగి మంచం దిగి ఎదురుచూడకూడదు. ఇదీ నేను అడుగుతాను."

శాసనసభలో వాదాలు జరిగాయి. వెనక్కి లాగినవాళ్లు లాగారు. చివరికి చట్టం వచ్చింది. బీమా ఉన్నవారి ఖర్చు ముందుగా బీమా సంస్థే భరించాలి. అత్యవసరంలో సర్కారు కార్డు వాడినా, ఆ మొత్తం ఖజానాకు తిరిగి కట్టాలి. ఆ చట్టంతో బకాయిలన్నీ ఒక్కరోజులో తీరిపోలేదు. కొన్ని సంస్థలు కోర్టుకు కూడా వెళ్లాయి. అయినా ఖజానా మీద పడకూడని బరువు దిగడం మొదలైంది. మూసిన తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. యాజమాన్యం భయపెట్టినట్టు బీమా రద్దు కాలేదు. ప్రీమియం కాస్త పెరిగింది. ఆ పెరిగిన భాగాన్ని యాజమాన్యమే భరించాలని పనివాళ్లు పట్టుబట్టి ఒప్పించుకున్నారు. ముందు నిలబడి మాట్లాడినవాడు సుబ్బన్న.

మళ్లీ కాయ కాలం వచ్చింది. సుబ్బన్న తల్లికి కంటి ఆపరేషను జరిగింది. కుప్పమ్మ తొట్ల దగ్గరికి రాలేదు. కూర్చుని చేసే పనిగా, డబ్బాలకు చీటీలు అంటించే చోట చెంగమ్మ ఆమెకు చోటు చూపించింది. ఐశ్వర్య ఆగిన చదువును అందుకుంది.

ఒకరోజు చెంగమ్మ, కుప్పమ్మ ఇద్దరూ గుండె పరీక్షలకు ఆ తిరుపతి ఆసుపత్రికే వెళ్లారు. పునీత్ చెంగమ్మ బీమా కార్డు తానే అడిగి తీసుకున్నాడు. "నీ ఖర్చు మా కంపెనీదేనక్కా" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు అతను ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు. పక్క బల్ల దగ్గర రూపశ్రీ కుప్పమ్మ సర్కారు కార్డు తీసుకుని, మారుమాట లేకుండా లోపలికి పంపింది.

పరీక్ష అయ్యాక కుప్పమ్మ మెల్లగా నడుస్తూ బయటికి వచ్చింది. వరండాలో ఒక పల్లెటూరి ముసలాయన సర్కారు కార్డు చేత్తో పట్టుకుని, ఇక్కడ తీసుకుంటారో లేదోనని బెదురుగా చూస్తున్నాడు. కుప్పమ్మ ఆయన్ను చెయ్యి పట్టుకుని రూపశ్రీ దగ్గరికి తీసుకుపోయి, "భయపడాకు నాయనా, తీసుకుంటారు" అని కూర్చోబెట్టి వచ్చింది. అంత మాత్రానికే ఆమెకు ఆయాసం వచ్చింది. ఊపిరి కుదుటపడేదాకా చెంగమ్మ భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. తర్వాత నెమ్మదిగా అంది:

"ఎవురు మోయాల్సిన బరువు వాళ్లు మోస్తే సాలక్కా. మాలాంటోళ్లను లేపేదానికి సర్కారు చేతులు ఖాళీగా ఉంటాయి."